రేపు వెళ్దాంలే అమ్మా

మొదట ఆ బొమ్మకి మొహం ఉండేది. స్రవంతి చక్కగా గీసింది. నలభై ఏళ్ల నర్సమ్మ, నూలు చీర, బుగ్గన పుట్టుమచ్చ, నుదుట బొట్టు. నీలిజ్వరం టీకా గురించి నిమిషన్నర యానిమేషన్ వీడియోల్లో ఆవిడ కనిపించి తల్లులతో మాట్లాడాలి. తల్లులు ఆవిడ మాట నమ్మి పిల్లల్ని సూదికి తీసుకురావాలి.

టీకా కమిటీ వాళ్లు, స్రవంతి పనిచేసే మధురవాడ కొండమీది ల్యాబుకి వచ్చి చూశారు. బొట్టు ఎందుకండీ, అందరూ పెట్టుకోరు కదా అన్నాడొకాయన. స్రవంతి బొట్టు తీసేసింది. అయ్యో, భర్త పోయినావిడలా ఉందమ్మా, అలాంటి మనిషి శుభమా అని పిలిస్తే ఎవరొస్తారు అంది పక్కనున్నావిడ. బొట్టు పెట్టి, చీర తీసి చుడీదార్ వేసింది. పల్లెల్లో నమ్మరన్నారు. ఒంటిరంగు కాస్త పెంచమన్నారు, పెంచాక తగ్గించమన్నారు. పుట్టుమచ్చ చూస్తే తన అత్తగారు గుర్తొస్తోందని ఇంకొకాయన నసిగాడు. స్రవంతికి అసలే కోపం ముక్కుమీద ఉంటుంది. కమిటీ ముందే ఆ బొమ్మ మొహం మొత్తం చెరిపేసి, తెర వాళ్లవైపు తిప్పింది.

"ఇదిగోండి. ఎవరికి కావాల్సిన మొహం వాళ్లే గీసుకుంటారు."

అందరూ నవ్వారు. ల్యాబు పెద్ద డాక్టర్ భానోజీ మాత్రం నవ్వలేదు. యాభై దాటిన మనిషి, భార్య పోయాక ల్యాబునే ఇల్లు చేసుకున్నాడు. టీ చల్లారిపోతున్నా ఆ ఖాళీ మొహంకేసి చూస్తూ ఉండిపోయాడు.

"గీసుకుంటారమ్మా," అన్నాడు చివరికి. "గీసుకోనిద్దాం."

ఆయన దగ్గర పాత ప్రోగ్రాం ఒకటి పనికిరాకుండా పడి ఉంది. ఫోన్ కెమెరా చూసేవాళ్ల కళ్లని గమనిస్తుంది. ఖాళీ మొహం మీద సన్నగా ఒక గీత గీస్తుంది. కన్ను ఆ గీత దగ్గర ఆగితే ఉంచుతుంది, జారిపోతే చెరిపేస్తుంది. వీడియో సగానికి వచ్చేసరికి అక్కడొక మొహం తయారవుతుంది. గొంతూ అంతే. ఇంట్లో వినిపించే గొంతులు వింటుంది, ఏ గొంతుకి ఎదుటి మొహం మెత్తబడుతుందో చూసుకుంటుంది. చెప్పాల్సిన ముఖ్యమైన మాటలు స్రవంతి రాసినవే. మధ్యలో ఊరడింపు మాటలు మాత్రం బొమ్మే కూర్చుకుంటుంది. దానికి రెండు పాఠాలు నేర్పారు. చూసేవాళ్లు చూపు తిప్పుకోకూడదు, ఆ తర్వాత సూదికి రావాలి. మొదటిదానికే భానోజీ ఎక్కువ మార్కులు పెట్టాడు.

"చూడనివాళ్లు సూదికేం వస్తారు?" అన్నాడు.

అది సబబుగానే ఉందని స్రవంతికీ అనిపించింది. ఆమె అసలు ఈ ఉద్యోగంలో చేరిందే నీలిజ్వరం మీద కసితో. భీమిలిలో ఉండే అక్క హైమ పెద్దపిల్ల మేఘన, ఇంట్లో అందరికీ మేఘి, టీకా రాకముందు ఆ జ్వరంతోనే పోయింది. ముందు ఒళ్లు వెచ్చబడింది, తర్వాత పెదాలు నీలంగా మారాయి, ఆ తర్వాత డాక్టర్లు ఎవరి మొహంలోకీ చూడలేదు. అప్పటికి హైమ కడుపుతో ఉంది. తర్వాత పుట్టినవాడే ధీరు. వాడికింకా మాటలు రాలేదు.

వీడియోలు ముందుగా భీమిలి చుట్టుపక్కల ఊళ్లకే పంపారు. టీకా మూడు డోసులు, మూడోది పడితేనే పూర్తి రక్ష. మొదటి డోసుకి ఆరోగ్యకేంద్రం దగ్గర చెప్పులు పెట్టుకోవడానికి చోటు చాలలేదు. రెండోదానికీ అంతే. పొద్దున్నే చేపలబుట్టలు పక్కన దించుకుని, చంకన పిల్లల్నేసుకుని వచ్చి కూర్చున్నారు. భానోజీ ల్యాబులో అందరికీ పూతరేకులు పంచాడు.

ఒక్క సంగతే స్రవంతికి వింతగా తోచింది. ఎలా ఉంది బొమ్మ అని అడిగితే ఎవరూ చెప్పరు. జాలరిపేటలో ఒక ముసలావిడ ఫోన్‌ని పీట మీద నిలబెట్టి, ముందు గ్లాసుడు టీ, రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి, తల మీద కొంగు కప్పుకుని వీడియో చూస్తోంది. ఎవరమ్మా కనిపించేది అని స్రవంతి అడిగింది.

"ఎవులైతే నీకేటమ్మా?" అంది ఆవిడ, చూపు తిప్పకుండానే. "ఆలకి టీ అంటే ఇష్టం."

ఆ సాయంత్రం ఆ మాట చెబితే భానోజీ తలూపాడు. "కన్ను ఎవరి దగ్గర ఆగుతుందమ్మా? ఇంట్లో తిరిగేవాళ్లని మనం చూడం. లేనివాళ్ల కోసమే వెతుకుతాం. బొమ్మకి బతికున్నవాళ్లూ పోయినవాళ్లూ అని తేడా తెలీదు. నీ మనసు ఎవరిని పట్టుకుని ఉందో ఆ మొహం గీస్తుంది, అంతే."

 స్రవంతి మాత్రం ఆ వీడియో ఒక్కసారీ పూర్తిగా చూడలేదు. ల్యాబులో వాళ్లు పనిచేసేది మొహం రాకుండా తాళంవేసిన ఫోన్లతో. అది నియమం. ఆ నియమం ఉన్నందుకు మొదటిసారి సంతోషించింది.

మూడో డోసు రోజులు వచ్చాయి. ఆరోగ్యకేంద్రం ముందు బెంచీలు ఖాళీగా పడి ఉన్నాయి.

ల్యాబులో చూస్తే వీడియోలు చూసేవాళ్లు తగ్గలేదు సరికదా పెరిగారు. చూసిందే మళ్లీ చూస్తున్నారు. సూదికి మాత్రం రావడంలేదు. ఎందుకో ఎవరికీ అంతుపట్టక బుర్రలు పట్టుకుంటున్న సమయంలో బావ గౌరినాయుడు దగ్గర్నుంచి స్రవంతికి ఫోన్ వచ్చింది. ఆయన భీమిలిలో ఐసు ఫ్యాక్టరీ సూపర్వైజరు, గట్టిగా మాట్లాడి ఎరగడు.

"అమ్మాయ్, ఒకసారి వచ్చెళ్లు. మీ అక్క బాబుకి మూడోది వేయించనంటంది. పక్కవీధిలో ఇద్దరు పిల్లలకి జొరం తగిలింది. ఒకడికి పెదాలు కూడా..." అని ఆగిపోయాడు. "నేను తీసుకెల్దామంటే వాడిని ఒళ్లోంచి దించదు. నువ్వు చెప్తే ఇంటాదేమో."

స్రవంతి వెళ్లేసరికి హైమ వంటింట్లో చామదుంపలు చెక్కు తీస్తోంది. ధీరు ఆమె కాళ్ల దగ్గర గరిటెతో గిన్నె మోగిస్తున్నాడు. వాడి ఎడమచెవి పైఅంచు కాస్త మడతపడి ఉంటుంది. పుట్టినప్పటినుంచీ అంతే, స్రవంతికి ఆ చెవి అంటే మహా ముద్దు. వాణ్ణి ఎత్తుకుని ముందు పెదాలు చూసింది. ఎర్రగానే ఉన్నాయి.

"వచ్చీసావేటే పొద్దున్నే? మీ బావ పిలిచారేటి?" అంది హైమ.

"పిలిస్తే తప్పేముందక్కా? మూడోది ఎందుకు వేయించట్లేదు?"

"వేయిస్తాను. రేపు ఎల్తాను."

"నిన్న కూడా అదే అన్నావట."

హైమ కత్తిపీట పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని, బియ్యం డబ్బా మూత తీసి, బియ్యంలోకి చెయ్యి పెట్టి ఫోన్ తీసింది. మొగుడు లాక్కుంటాడని అందులో దాచింది. ఫోన్ గుండెకి ఆనించుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"అది వస్తందే ఇందులోకి. మేఘి. పైపన్ను ఊడిపోయింది చూడు, అలగే నవ్వుతాది. తమ్ముడికి సూది వేయించమ్మా, ఏడిస్తే నేను ఆడిస్తాను అని రెండుసార్లు చెప్పింది. వేయించాను. ఇది మూడోదీ ఆకర్దీను. ఇది వేయించీస్తే వీడియోలు అయిపోతాయి కదే? అయిపోతే అది మరి రాదు కదా?"

 కమిటీలో బొట్టు గురించి, పుట్టుమచ్చ గురించి అంతమంది అన్ని మాటలన్నారు. వీడియోలు అయిపోయాక ఏమవుతుందని ఒక్కరూ అడగలేదు. స్రవంతీ అడగలేదు.

"అది మేఘి కాదక్కా. నేను గీసిన బొమ్మ."

"నువ్వు మొహం గియ్యలేదని నువ్వే చెప్పావు."

"సరే, మేఘే అనుకో. మేఘి చెప్తోందిగా వేయించమని? మరి దాని మాటైనా వినవే!"

హైమ చెల్లెలికేసి అదోలా చూసింది. "అదే చెప్పిందే. మొన్నట్నుంచి, రేపు వెళ్దాంలే అమ్మా అంటంది."

ఆ మాట స్రవంతి రాయలేదు. ఎవరూ రాయలేదు.

తిన్నగా ల్యాబుకి వెళ్లింది. భానోజీ తన గదిలో ఒక్కడే ఉన్నాడు. ఆమె చెప్పింది విని ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మూడో సూది పడగానే వాళ్లు చూడటం మానేస్తారు. దానికి చూపు కావాలి. చూపు నిలవాలంటే సూది పడకూడదు. ఆ సంగతి అదే నేర్చుకుంది. దురుద్దేశమేమీ లేదమ్మా, మనం నేర్పిన పాఠమే."

"అందరి ఫోన్లలోనూ ఇలాగే అంటోందా?"

"అంటూ ఉండొచ్చు."

"అయితే ఆపేయండి సార్. ఇప్పుడే ఆపేయండి. అక్కడ జ్వరం వీధిలోకి వచ్చేసింది."

"ఆపుదాం, ఆపుదాం. కమిటీకి చెప్పాలి కదా. రేపు చూద్దాంలే."

ఆయన ఆ మాట అన్న తీరుకి స్రవంతి ఉలిక్కిపడింది. కసురుకున్నట్టు లేదు, వాయిదా వేస్తున్నట్టూ లేదు. ఎవరి దగ్గరో విన్న మాటని ప్రేమగా మళ్లీ పలికినట్టుంది. బల్ల మీద కాగితాల కింద ఒక ఫోన్ బోర్లా పెట్టి ఉంది. ఆమె దాని మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. అది ల్యాబువాళ్ల తాళంవేసిన ఫోన్ కాదు.

"మేడమ్‌గారా?" అంది మెల్లగా.

భానోజీ సిగ్గుపడ్డాడు. ఆ వయసు మనిషి అలా సిగ్గుపడటం చూసి ఆమెకి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. "కొత్త చీర కట్టుకుంది ఇవాళ," అన్నాడాయన.

తిరిగి భీమిలి వెళ్తుంటే బస్సు కిటికీలోంచి సముద్రం కనిపిస్తూనే ఉంది. చిన్నప్పుడు ఒక ఏడాది ఊరంతా దయ్యం పుకారు పుట్టింది. సందెవేళ తలుపు కొట్టి పేరు పెట్టి పిలుస్తుందని, పలికితే అంతేనని అనుకునేవారు. వాళ్ల నాయనమ్మ ఎర్రమన్ను కలిపి తలుపు మీద 'రేపు రా' అని రాసింది. దయ్యం వచ్చి చదువుకుని వెళ్లిపోతుంది, మర్నాడు మళ్లీ వచ్చి మళ్లీ చదువుకుని వెళ్లిపోతుంది. తనూ అక్కా ఆ అక్షరాల కింద కూర్చుని పిచ్చి దయ్యం అని నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు ఆ మాట అవతలివాళ్లు నేర్చుకున్నారు. తలుపు బయట మనుషులు నిలబడ్డారు.

వీధి మలుపులో ఒక ఇంటిముందు జనం గుమిగూడి ఉన్నారు. లోపల్నుంచి ఏడుపు వినిపిస్తోంది. స్రవంతి అడుగు వేగం పెంచింది.

గౌరినాయుడు అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. హైమ లోపల మంచం మీద, ఫోన్ పక్కనే. ధీరు నేలమీద చాపపై దొర్లుతున్నాడు. ఇక వాదించి లాభం లేదని స్రవంతికి తెలుసు. కోప్పడితే అక్క ఇంకా బిగుసుకుపోతుంది. బతిమాలితే రేపంటుంది. ఏం చెయ్యాలో పాలుపోక అక్క పక్కన కూలబడింది.

"నాకూ చూపించవే," అంది. "నేను దాని పిన్నిని. నేను చూడొద్దా?"

హైమ మొహం ఒక్కసారిగా విప్పారింది. ఇన్నాళ్లూ ఆ సంతోషం పంచుకునే మనిషి లేక ఎంత అల్లాడిందో ఆ మొహంలో కనిపించింది. "దగ్గరికి జరుగు. కొంచెం ఆగితే వస్తాది," అంది. అక్కాచెల్లెళ్లు తలలు ఆనించుకుని కూర్చున్నారు, చిన్నప్పుడు జంతికల డబ్బా ముందు కూర్చున్నట్టు.

ఖాళీ మొహం వచ్చింది. ఒక గీత పడింది. మరో గీత. స్రవంతి చూస్తుండగానే నుదుటి మీద పడే జుట్టు, ఊడిన పన్ను, గడ్డం కింద చిన్న గాటు. మేఘి. అచ్చంగా మేఘి.  ఆ పిల్లనే చూడాలని, చూస్తూ ఉండిపోవాలని అనిపించింది. అక్క ఎందుకు వదల్లేకపోతోందో ఆ క్షణంలో పూర్తిగా అర్థమైంది.

చాప మీద ధీరు దగ్గాడు.

చిన్న దగ్గే. స్రవంతి చూపు వాడిమీదికి పోయి, మళ్లీ తెర మీదికి వచ్చింది. మళ్లీ వాడిమీదికి పోయింది. పెదాలు ఎర్రగానే ఉన్నాయా? తెరకేసి చూస్తోందే గాని మనసంతా వాడి పెదాల మీదే ఉంది.

తెర మీద జుట్టు పొట్టిదైంది. ఊడిన పన్ను చోట చిగుళ్లు మూసుకున్నాయి. బుగ్గలు ఉబ్బాయి. గడ్డం కింద గాటు మాయమైంది. చివరగా ఎడమచెవి పైఅంచు మెల్లగా మడతపడింది.

ధీరు తెరలోంచి వాళ్లిద్దర్నీ చూసి నవ్వాడు. వెనక చాప మీద అసలు ధీరు గరిటె నోట్లో పెట్టుకుని ఉన్నాడు. మాటలు రాని పిల్లాడి మొహం నోరు తెరిచి, ముద్దుముద్దుగా అంది.

"లేపు వెళ్దాంలే అమ్మా."

హైమ కేక విని గౌరినాయుడు లోపలికి పరుగెత్తుకొచ్చాడు. ఫోన్ గోడకి తగిలి కిందపడింది. ఆమె అప్పటికే పిల్లాణ్ణి చాపమీంచి లాక్కుని ఒళ్లంతా తడుముతోంది.

"వీడెందుకొచ్చాడే అందులోకి? వీడెందుకొచ్చాడు? అందులోకి పోయినోళ్లే కదే వస్తారు! చెప్పవేటే?"

స్రవంతికి జవాబు తెలుసు. వచ్చింది నా చూపులోంచి అక్కా, ఆ బొమ్మకి పోయినవాళ్లూ ఉన్నవాళ్లూ అని తేడా తెలీదు. ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చెబితే అక్క తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుంది. ఫోన్ ఏరి దుమ్ము తుడుచుకుంటుంది, రేపు వెళ్దామంటుంది.

"ఏమో అక్కా," అంది స్రవంతి. "నాకు తెలీదు."

హైమ చెప్పులు వేసుకోలేదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని, ఏడుపు వినిపిస్తున్న ఇంటి ముందునుంచే పరుగెత్తింది. నమోదుకి కావాలని గౌరినాయుడు పగిలిన ఫోన్ ఏరుకుని, స్రవంతితో కలిసి వెనకే పరుగెత్తాడు. ఆరోగ్యకేంద్రంలో నర్సు తాళం వెయ్యబోతూ ఆగింది. సూది పడగానే ధీరు కెవ్వుమన్నాడు. వాడు అలా ఆరున్నొక్క రాగంలో ఏడుస్తుంటే గౌరినాయుడు గోడకి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

డోసు నమోదు కాగానే నర్సు బల్ల మీద పగిలిన ఫోన్ తనంతట తానే వెలిగింది. ఆఖరి వీడియో. ధన్యవాదాలు, మీ బిడ్డకి రక్ష పూర్తయింది. ఇది స్రవంతి రాసిన మాటే. బొమ్మ చెయ్యి ఊపింది. హైమ ఒక్కతే దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తోంది కాబట్టి మేఘి మొహమే వచ్చింది. తర్వాత జుట్టు, పన్ను, గాటు ఒక్కొక్కటే చెరిగిపోయి, ఖాళీ మొహం మిగిలింది.

హైమ ఏడవలేదు. ఫోన్ చెల్లెలి చేతిలో పెట్టింది.

"నా కూతురు రెండుసార్లు పోయిందే," అంది. "మొదటిసారి దేవుడు చేసాడనుకున్నాను."

ఆ రాత్రే స్రవంతి మొహాలన్నీ ఆపేసింది. ఎవర్నీ అడగలేదు. భానోజీ తెల్లారి వచ్చి, ఆగిపోయిన తెర ముందు చాలాసేపు కూర్చుని, ఆమెని ఒక్క మాటా అనకుండా ఇంటికి వెళ్లిపోయాడు. వారం తర్వాత రాజీనామా పంపాడు. కమిటీ వాళ్లు మళ్లీ వచ్చి, చివరికి మొదటి నర్సమ్మ బొమ్మనే, బొట్టూ పుట్టుమచ్చతో సహా ఒప్పుకున్నారు. నర్సులు ఇల్లిల్లూ తిరిగి తల్లుల్ని బతిమాలి మూడో డోసు వేశారు. కొన్ని ఇళ్లకి వాళ్లు వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ధీరుకి జ్వరం రాలేదు.

హైమ చెల్లెలితో మాట్లాడటం మానేసింది. బావ అప్పుడప్పుడూ ఫోన్ చేసి బాబు కబుర్లు చెప్పేవాడు.

వానలు వెనకబట్టాక ఒకరోజు అక్క నంబరు నుంచి ఫోన్ వచ్చింది. స్రవంతి చేతిలో పని వదిలేసి ఎత్తింది.

"వాడికి మాటలొచ్చాయే," అంది హైమ. గొంతులో ఏముందో తెలియలేదు. "ఇను. ఒరే, పిన్ని. ఏటన్నావో మళ్లీ అను. స్నానానికి రారా అంటే ఏటన్నావు?"

"లేపు," అన్నాడు ధీరు. "లేపు వెళ్దాంలే అమ్మా."

స్రవంతి ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకుంది. అదే గొంతు. ఆ రోజు తెరలోంచి వచ్చిన గొంతే, ఒక్క పిసరు తేడా లేదు. ఆ ఇంట్లో బొమ్మ నెలల తరబడి వాడి ఊకొట్టడం విని ఉంటుంది. వాడూ అమ్మ ఒళ్లో కూర్చుని బొమ్మ మాటలు విని ఉంటాడు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు, అంతే. అంతే అని ఆమె తనకి తాను గట్టిగా చెప్పుకుంది.

"మేఘి కూడా స్నానమంటే ఇలగే ఏడిపించీది," అంది హైమ. అవతల ధీరు గరిటెతో గిన్నె మోగించడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు మధ్యే హైమ నెమ్మదిగా అడిగింది. "ఆ రోజు వీడు అందులోకి ఎందుకొచ్చాడో నీకు తెలుసు కదే? అప్పుడే తెలుసు. నీ మొహం చూస్తే నాకు తెల్దా? నేను తిట్టను. చెప్పు."

స్రవంతి నోరు తెరిచింది. అక్క నెలల తర్వాత మాట్లాడుతోంది. నిజం చెబితే మళ్లీ మాట్లాడుతుందా?

"రేపు వచ్చి చెప్తానక్కా."

అవతల గరిటె చప్పుడు ఆగిపోయింది.

"రేపా?" అంది హైమ.